పొడి అక్షరాలూ, పనివాడి ముద్రా

సంతకాన్ని గురించి విమర్శ రాయడమేమిటని కొందరు నవ్వవచ్చు. కావ్యాలున్నాయి, నవలలున్నాయి, వాటి వస్తువూ శిల్పమూ వున్నాయి. అవన్నీ వదిలి, మనిషి తన పేరులోని పొడి అక్షరాలను రెంటినో మూడింటినో కలిపి అల్లుకున్న ముద్రను పట్టుకుని పేజీలు నింపడం పనిలేని పనిగా తోచవచ్చు. నాకట్లా తోచడం లేదు. రచనతో తనకు గల సంబంధాన్ని రచయిత ఎట్లా భావిస్తున్నాడో పీఠికల్లోనైతే దాచుకోగలడు గాని, పేరు వేసుకునే తీరులో దాచుకోలేడు.

డిగ్రీ పూర్తి కాకముందే మా విద్యార్థుల్లో చాలామందికి ఈనాడు సొంత 'లోగో' ఒకటి వుంటున్నది. ఫోనులో తయారుగా దొరికే నమూనాలో రెండు ఇంగ్లీషు అక్షరాలు వేస్తే నిమిషంలో వచ్చేస్తుంది. ఒక అక్షరం వంగి రెండోదాన్ని కౌగిలించుకుంటుంది, చుట్టూ బంగారు రంగు వలయం. తీసిన ఫోటో మీదా అదే, రాసిన కవిత కిందా అదే, ఇంకా ఏమీ రాయని ఖాళీ పేజీ మీదా అదే. దీన్ని చూసి మనలో పెద్దలు ముఖం చిట్లించి, 'వ్యక్తివాదం', 'మార్కెట్ సంస్కృతి' అని రెండు మాటలని వూరుకుంటున్నారు. ఆ మాటలు అబద్ధమని నేననను. కాని జబ్బుకు పేరు పెట్టినంత మాత్రాన వైద్యం అయిపోదు. పైగా ఈ తీర్పులో చరిత్రకు సంబంధించిన పొరపాటు కూడా ఒకటుంది. పొడి అక్షరాల ముద్రను తయారుచేసి చెలామణీలో పెట్టినవాళ్ళలో పనివాళ్ళు ముఖ్యులు. మార్కెట్ తర్వాత వచ్చి దాన్ని ఎత్తుకుపోయింది. ఎట్లా ఎత్తుకుపోయిందో తెలియాలంటే జర్మనీలోని న్యూరెంబర్గ్ నగరానికి, అయిదు వందల ఏళ్ళ వెనక్కు పోవాలి.

అంతకుముందు ఒక మాట. ఐరోపాలో మోనోగ్రాం అనే దానికి రెండు వంశాలున్నాయి. మొదటిది ప్రభువుల వంశం. క్రీ.శ. 814లో చనిపోయిన చార్లెమేన్ చక్రవర్తి శాసనాల కింద ఆయన పేరు అక్షరాలను శిలువ ఆకారంలో పేర్చిన ముద్ర వుంటుంది. ఆ ముద్రను గీసేవాడు లేఖకుడు. చక్రవర్తి నడిమధ్య ఒక చిన్న గీత మాత్రం గీసేవాడు. ఆ గీతతో శాసనం శాసనమయ్యేది. రాయడం నేర్చుకోవాలని ఆయన వయసు మళ్ళిన తర్వాత ప్రయత్నించి పెద్దగా సాధించలేకపోయాడని ఆయన చరిత్రకారుడే రాసిపెట్టాడు. పని ఒకరిదీ, గీత ఒకరిదీ, పేరు గీతవారిదీ: ప్రభువుల ముద్రలో వున్న తత్వమంతా ఇందులో వుంది.

రెండోది పనివాళ్ళ వంశం. పెద్ద చర్చీలు కట్టిన రాతిపనివాళ్ళు తాము చెక్కిన రాళ్ళ మీద తమ తమ గుర్తులు చెక్కేవాళ్ళు. ఎవరు ఎన్ని రాళ్ళు చెక్కారో లెక్క తేల్చుకుని కూలి పుచ్చుకోవడానికి అది దారి. కంసాలులు వెండి గిన్నె అడుగున తమ ముద్ర కొట్టేవాళ్ళు. వెండిలో కల్తీ వున్నదని తేలితే ఆ ముద్రను బట్టి మనిషిని పట్టుకునేవాళ్ళు. అంటే ఈ ముద్ర గొప్ప చెప్పుకోవడానికి పుట్టింది కాదు, జవాబు చెప్పుకోవడానికి పుట్టింది. రాగిరేకు మీద బొమ్మ చెక్కి కాగితం మీద అచ్చు తీసే విద్య జర్మనీలో ఈ కంసాలుల చేతుల్లోనే పెరిగింది గనక వాళ్ళ ముద్ర కూడా దానితోపాటే కాగితం మీదికి వచ్చింది. కంసాలి కొడుకు మార్టిన్ షోన్‌గావర్ తన పేరులోని రెండు పొడి అక్షరాల మధ్య చిన్న శిలువ గుర్తు పెట్టి రేకుల మీద చెక్కుకున్నాడు. అతనికంటే ముందు తరంలో ఒక మహాశిల్పి వుండేవాడు. అతని రేకుల్లో కొన్నింటి మీద 'ఇ', 'ఎస్' అని రెండు అక్షరాలున్నాయి, 1466, 1467 అని సంవత్సరాలున్నాయి. అతని పేరేమిటో ఎవరికీ తెలియదు. కళాచరిత్రలో అతన్ని 'మాస్టర్ ఇ.ఎస్.' అంటారు. పేరు పోయి పొడి అక్షరాలు మిగిలిన మనిషి!

ఆల్బ్రెక్ట్ డ్యూరర్ ఈ వంశంలో పుట్టాడు. 1471లో న్యూరెంబర్గ్‌లో. తండ్రి హంగరీ నుంచి వలస వచ్చిన కంసాలి. కొడుకు మొదట తండ్రి దగ్గరే పని నేర్చుకున్నాడు, ఆ తర్వాత 1486లో చిత్రకారుడి దగ్గర శిష్యుడిగా చేరాడు. అతని ముద్ర ప్రపంచమంతా ఎరిగినదే: కాళ్ళు బాగా చాపి నిలబడిన 'ఏ', తల మీద బల్లపరుపుగా ఒక గీత, ఆ కాళ్ళ మధ్య, అడ్డకర్ర కింద, గొడుగు కింద కూచున్న పిల్లవాడిలాగా 'డి'. తొలినాటి రేకుల్లో ఈ 'డి' చిన్నబడి అక్షరమే. పెద్దక్షరం తర్వాత స్థిరపడింది. అంటే ఇది ఒక్క రాత్రిలో తట్టిన చమత్కారం కాదు, పని చేస్తూ చేస్తూ సరిదిద్దుకున్న రూపం.

దీని బలమెక్కడుంది? 'ఏ' అనే రోమన్ అక్షరంలో సహజంగానే ఒక ఖాళీ వుంది. డ్యూరర్ దాన్ని వెడల్పు చేసి ఒక ఇల్లు కట్టాడు. రెండు అక్షరాలూ దేనికది చెక్కుచెదరకుండా వున్నాయి, ఏదీ రెండోదాన్ని మింగలేదు. కళ్ళు మూసుకుని అయినా గీయవచ్చు. గోరంత చేసినా తెలుస్తుంది, గడపంత చేసినా తెలుస్తుంది. హంగరీ భాషలో తండ్రి వూరి పేరుకు మూలమైన మాటకు తలుపు అని అర్థం, జర్మన్‌లో ఇంటిపేరూ దాని నుంచే వచ్చింది, కుటుంబ చిహ్నంలో తెరిచిన తలుపుంది. ఆ చాపిన 'ఏ' నాకు ద్వారబంధంలాగానే కనిపిస్తుంది. ఇది నా వూహ మాత్రమే, కాదన్నవారితో తగాదాకు పోను.

రూపం కంటే ముఖ్యమైనది స్థానం. 'లోగో'ల కాలపు విద్యార్థులు గమనించవలసింది ఇదే. డ్యూరర్ తన ముద్రను బొమ్మ మీద వేయలేదు, బొమ్మ లోపల పెట్టాడు. 1504 నాటి 'ఆదాము, అవ్వ' రేకులో చెట్టుకొమ్మకు ఒక పలక వేలాడుతూ వుంటుంది. దాని మీద అతని పేరూ వూరూ సంవత్సరమూ ముద్రా వుంటాయి. ఆ పలక ఆ తోటలోని వస్తువే, ఆ తోటలోని వెలుగే దాని మీద పడుతుంది. 1513 నాటి 'గుర్రపురౌతు, మృత్యువు, సైతాను' రేకులో ముద్ర కింది మూలన ఒక పలక మీద వుంది, రౌతు గుర్రం దాని పక్కనుంచే నడిచిపోతున్నది. 1514 నాటి 'మెలంకోలియా'లో మెట్టు పక్కభాగాన, నీడలో, వెతికితే గాని దొరకదు. అందులోనే గోడ మీద అంకెల చదరం వుంది. దాని చివరి వరసలో మధ్య రెండు గళ్ళలో 15, 14 వుండి ఆ సంవత్సరాన్ని చెబుతాయి. అటూ ఇటూ వున్న 4నూ 1నీ రోమన్ అక్షరమాల వరసలోకి మారిస్తే మళ్ళీ అవే రెండు అక్షరాలు! పండితులకు ఇదొక పొడుపుకథ. వుద్దేశపూర్వకమో కాదో గాని, తన పేరును పనిలోకి ఇంతగా నూరి కలిపినవాడి మీద ఇటువంటి అనుమానం రావడం న్యాయమే.

ఇక రెండో అంకం. 1498లో పదిహేను పెద్ద చెక్కబొమ్మలతో 'ప్రకటన గ్రంథం' పుస్తకాన్ని డ్యూరర్ తానే ప్రచురించుకున్నాడు. అన్ని బొమ్మల్లోనూ ముద్ర వుంది. అంతవరకు చిత్రకారుడు ధనికుడో చర్చో పురమాయిస్తే బొమ్మ వేసేవాడు. ఇప్పుడు పురమాయించినవాడు లేడు. ముందు సరుకు తయారు చేసి, తర్వాత కొనేవాణ్ణి వెతకాలి. ఆ కొనేవాడు ఎక్కడో ఫ్రాంక్‌ఫర్ట్ సంతలో వుంటాడు, చిత్రకారుణ్ణి చూసి వుండడు. ఆ తెలియని కొనుగోలుదారుకూ ఈ చేతికీ మధ్య ముద్ర ఒక్కటే వంతెన. 1497లోనే డ్యూరర్ బొమ్మలు అమ్మిపెట్టడానికి ఒప్పందం రాసి మనిషిని పెట్టుకున్నాడు. భార్య ఆగ్నెస్ సంతల్లో కూచుని బొమ్మలు అమ్మింది. కల్తీకి జవాబుదారీగా పుట్టిన కంసాలి ముద్ర ఇక్కడ సరుకుకు వెల తెచ్చే గుర్తుగా మారింది. ఇది పతనమని నేననను. ప్రభువు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడడం నుంచి చిత్రకారుణ్ణి కొంతవరకు విడిపించింది ఇదే. పెట్టుబడిదారీ విధానం తన తొలిదశలో కొన్ని గొలుసులు తెంచిందని ఒప్పుకోవడానికి మనకు మొహమాటమెందుకు?

వెల తెచ్చే గుర్తుకు దొంగలు కూడా వస్తారు. మార్కాంటోనియో రైమొండి అనే ఇటలీ చెక్కుడుపనివాడు డ్యూరర్ 'మేరీమాత జీవితం' చెక్కబొమ్మలను రాగిరేకుల మీదికి గీతకు గీత దించాడు. ముద్రతో సహా దించాడు. ఆ రోజుల్లోనే, 1506లో, వెనిస్‌లో వున్న డ్యూరర్ అక్కడివాళ్ళు తన పనిని కాపీ కొడుతూనే అందులో ప్రాచీనుల శైలి లేదని తిడుతున్నారని మిత్రుడికి ఉత్తరంలో మొరపెట్టుకున్నాడు. అతను రైమొండి మీద వెనిస్ ప్రభుత్వానికి ఫిర్యాదు చేస్తే ముద్ర మాత్రం వాడవద్దని తీర్పు వచ్చిందని వసారి రాశాడు. వసారి ఆ మాట రాసింది 1568 కూర్పులో, సంగతి జరిగిన అరవయ్యేళ్ళకు. అతని వృత్తాంతంలో గందరగోళం కూడా వుంది గనక దాన్ని పక్కన పెడదాం. న్యూరెంబర్గ్ నగరసభ 1512 జనవరిలో చేసిన తీర్మానం మాత్రం దస్తావేజు. టౌనుహాలు ముందు బొమ్మలు అమ్ముతున్న ఒక పరాయి వూరివాడి దగ్గర డ్యూరర్ ముద్రతో దొంగబొమ్మలున్నాయి; అతను ఆ ముద్రలన్నీ తీసివేయాలి, తీయకపోతే సరుకంతా జప్తు.

ఈ తీర్మానాన్ని నెమ్మదిగా చదవాలి. ముద్ర తీసివేస్తే? బొమ్మ అమ్ముకోవచ్చుననే కదా! గీత దొంగిలించవచ్చు, కూర్పు దొంగిలించవచ్చు, ఆ మడతలు పడిన బట్టలూ ఆ ముఖాలూ అన్నీ దొంగిలించవచ్చు. రెండు అక్షరాలు దొంగిలిస్తే మాత్రం నేరం. చట్టం కంటికి సొత్తుగా కనిపించింది చిత్రకారుడి శ్రమ కాదు, అతని పేరు. అంతకు ఏడాది ముందు, 1511లో, డ్యూరర్ తన పుస్తకాల చివర మాక్సిమిలియన్ చక్రవర్తి ఇచ్చిన హక్కును చూపించి, ఇతరుల కష్టాన్నీ కల్పననూ దొంగిలించేవాళ్ళను ఘాటుగా హెచ్చరించాడు. అతని కోపం కష్టాన్ని గురించి, నగరసభ రక్షించింది గుర్తును. ఈ రెంటికీ మధ్య వున్న ఎడం ఇంకా పూడలేదు. కంపెనీల మోనోగ్రాం వేసిన చేతిసంచీని చూడండి. సంచీ కుట్టిన చేతి మీద తగాదా రాదు, దాని మీద అల్లిన రెండు అక్షరాల మీద కోర్టులకు పోతారు.

కాని నేను డ్యూరర్ వకీలుగా ఈ వ్యాసం రాయడం లేదు. అతనూ ఇతరుల కష్టాన్ని తన రెండు అక్షరాల కింద కప్పాడు. చెక్కబొమ్మ అంటే ఏమిటి? చిత్రకారుడు చెక్క మీద గీస్తాడు. గీతను వదిలి మిగతా చెక్కనంతా కత్తితో తీసేసేవాడు వేరే పనివాడు. వెంట్రుకవాసి గీతకు రెండువైపులా చెక్క తొలిచే పని అది. ఆ పనివాడి పేరు బొమ్మ మీద వుండదు. మాక్సిమిలియన్ కోసం తయారైన 'విజయతోరణం' 190కి పైగా చెక్కలతో కూర్చిన బొమ్మ, మూడు మీటర్లకు మించిన ఎత్తు. ఆ చెక్కలు తొలిచింది హిరోనిమస్ ఆండ్రే కార్ఖానా. తోరణం అడుగున పండితుడివీ చిత్రకారులవీ కుటుంబ చిహ్నాలున్నాయి, చెక్కలు తొలిచినవాడి చిహ్నం లేదు. అదే చక్రవర్తి కోసం బర్గ్‌మయరూ ఇతరులూ గీసిన 'విజయయాత్ర' చెక్కల వెనకవైపు తొలిచినవాళ్ళ పేర్లు రాసి వున్నాయి. వెనకవైపు! సిరా అంటని వైపు, కాగితం తాకని వైపు. కూలి లెక్క కోసం రాసిన ఆ పేర్లు ఏ అచ్చులోనూ పడలేదు. రాతిపనివాడి గుర్తు ఎక్కడ పుట్టిందో అక్కడే, లెక్కల పుస్తకంలోనే ఆగిపోయింది. ముద్ర ఎవరిది ముందువైపుకు వచ్చిందో, ఎవరిది వెనక వుండిపోయిందో, ఆ గీతే వర్గాల మధ్య గీత.

ఆగ్నెస్ మాటా ఇంతే. పెళ్ళయిన ఏడాది, 1494లో, డ్యూరర్ ఆమె బొమ్మ గీసి కింద 'నా ఆగ్నెస్' అని రాసుకున్నాడు. ప్రేమగా రాసిన మాటే, సందేహం లేదు. కాని ఆ ఇంటి ముద్రలో ఆమెకు మిగిలింది ఆ 'నా' మాత్రమే.

1525లో డ్యూరర్ కొలతల శాస్త్రం మీద ఒక పుస్తకం ప్రచురించాడు. అందులో మూడో భాగంలో రోమన్ అక్షరాలను చదరంలో పెట్టి, వృత్తలేఖినితో, ఏ గీత ఎంత లావుండాలో, ఏ వంపు ఎక్కడ తిరగాలో నేర్పుతాడు. అక్షరరూపం మీద శ్రద్ధ వున్న ప్రతి విద్యార్థీ చూడవలసిన పుటలవి. అక్షరం ప్రతిభావంతుల రహస్యమని అతను చెప్పలేదు, పనివాళ్ళెవరైనా నేర్చుకోదగిన విద్య అన్నాడు. పండితుల లాటిన్‌లో కాక జర్మన్‌లో రాయడంలోనూ అదే మర్యాద వుంది. ఆ భాగంలోనే ఒక స్తంభం బొమ్మ వుంది. ఆ సంవత్సరమే జర్మన్ రైతుల తిరుగుబాటును ప్రభువులు నెత్తుటిలో ముంచారు. ఎంగెల్స్ 1850లో పుస్తకంగా రాసిన యుద్ధమది. రైతుల మీద గెలుపుకు గుర్తుగా ఇట్లాంటి స్తంభం కట్టవచ్చునని డ్యూరర్ చూపించాడు. అడుగున పశువులు, వాటి మీద గంపలు, పాలకుండ, పంట మోపుకు కట్టిన పనిముట్లు, కోళ్ళగూడు, అన్నిటి పైన తల వంచుకు కూచున్న రైతు. అతని వీపులో దిగిన కత్తి. ఇది వెక్కిరింతా, శోకమా అని పండితులు వాదించుకుంటారు. గెలిచినవాడు వెనకనుంచి పొడిచాడని చూపే స్తంభం గెలుపు స్తంభమెట్లా అవుతుంది? నా మటుకు అది శోకమే. బహిరంగంగా పక్షం వహించే ధైర్యం డ్యూరర్‌కు లేకపోయింది. న్యూరెంబర్గ్ నగరసభ నీడన బతుకుతున్న పెద్దమనిషి అతను. అయినా, తన జీవితమంతా పేరుకు రెండు అక్షరాలు చెక్కుకున్నవాడు, పేరులేనివాడికి గుర్తు కట్టవలసి వచ్చినప్పుడు అక్షరం జోలికి పోలేదు. పనిముట్లనే ఒకదాని మీద ఒకటి పేర్చాడు. నా దృష్టిలో డ్యూరర్ అల్లిన ముద్రల్లో గొప్పది ఇదే.

ఆ సంవత్సరంలోనే జెబాల్ట్ బేహమ్ అనే యువ చిత్రకారుణ్ణి, మరి ఇద్దరితోపాటు, మతాన్నీ ప్రభుత్వాన్నీ ధిక్కరించాడని న్యూరెంబర్గ్ నుంచి వెళ్ళగొట్టారు. తర్వాత రానిచ్చారు గాని, చివరికి అతను ఫ్రాంక్‌ఫర్ట్ చేరాడు. న్యూరెంబర్గ్‌లో వుండగా అతని ముద్రలో మూడో అక్షరం 'పి'. ఆ వూరి యాసలో ఇంటిపేరు 'పేహమ్' అని పలికేది. ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్ళిన తర్వాత, 1531 నుంచి, అదే అక్షరం 'బి' అయింది. వూరు పోతే యాస పోయింది, యాస పోతే ముద్ర మారింది. ఏ నేల మీద నిలబడి పేరు చెప్పుకుంటున్నామో పొడి అక్షరానికి కూడా తెలుస్తుంది.

ఈ మాట పట్టుకునే మన దగ్గరికి వద్దాం. తెలుగువాడికి పొడి అక్షరం ఏ నేల మీదిది?

మనకు ముద్ర అనే మాట కంటికంటె ముందు చెవికి సంబంధించింది. త్యాగరాజు కృతి చివరి చరణంలో ఆయన పేరు వాక్యంలో కలిసి వస్తుంది. అది తీసేస్తే అర్థమూ తెగుతుంది, నడకా కుంటుతుంది. క్షేత్రయ్య తన పేరు కూడా పెట్టుకోలేదు, మువ్వగోపాలుడి పేరు పెట్టాడు. డ్యూరర్ పలకను కొమ్మకు తగిలించినట్టే వీళ్ళు పేరును పని లోపలే తగిలించారు. వేమన సంగతి మరీ విచిత్రం. మూడు పాదాల్లో చెప్పదలచింది చెప్పి నాలుగో పాదమంతా పేరుకు ఇచ్చాడు. అందుకే ఆ మకుటం ఎవరైనా తగిలించుకోగలిగారు. మూడు పాదాలు తనవి కట్టి నాలుగోది వేమనది పెట్టినవాళ్ళు ఎందరో! బ్రౌన్ 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించిన నాటినుంచీ ఏది వేమనది, ఏది కాదు అన్న వాదం తెగలేదు. రైమొండి పరాయి బొమ్మను దొంగిలించి సొమ్ము చేసుకున్నాడు. ఇక్కడి దొంగ తన పద్యాన్ని పరాయివాడి పేరున దానం చేశాడు. నగరసభ లేదు, జప్తు లేదు. ముద్ర సొత్తు కానక్కరలేదనడానికి ఇంతకంటె సాక్ష్యం నాకు తెలియదు. అట్లాగని మురిసిపోవడానికీ లేదు. ఆ మూడు పాదాలు కట్టిన మనిషి, రైతో, కూలో, ఆడమనిషో, శాశ్వతంగా మాయమయ్యారు. అక్కడ చెక్క వెనకైనా పేరు మిగిలింది. ఇక్కడ అదీ లేదు.

తర్వాత బడి రిజిస్టరు వచ్చింది. ఇంటిపేరును ఇంగ్లీషు పొడి అక్షరంగా కుదించే అలవాటు మనకు దాని ద్వారానే స్థిరపడింది. ఫలితం చూడండి. కె.వి. రమణారెడ్డి మనకు 'కె.వి.ఆర్.' అయ్యారు. ఆయన తెలుగు పాండిత్యాన్ని వేలెత్తి చూపగలవాడెవడు? అయినా ఆ మూడూ తెలుగు లిపిలో రాసిన ఇంగ్లీషు అక్షరాల పేర్లే. దీనికి పక్కన 'కొ.కు.', 'చా.సో.', 'రా.రా.' పెట్టి చూడండి. ఇంగ్లీషు పద్ధతిలో అయితే కొడవటిగంటి కుటుంబరావు 'కె.కె.' కావలసింది, రైలు డబ్బాలో కూడా పది మంది కె.కె.లు దొరుకుతారు. తెలుగు పొడి అక్షరం హల్లు ఒక్కటే కాదు, గుణింతంతో సహా వస్తుంది. అది పలుకుతుంది. అందుకే చాగంటి సోమయాజులు 'చాసో' అయి, అదొక మాటగా మన నోళ్ళలో నిలిచింది. కంటి కోసం 'ఏ' కింద 'డి'ని పెట్టి డ్యూరర్ సాధించిన దాన్ని మనవాళ్ళు చెవి కోసం సాధించారు. వీటన్నిటికీ తలమానికం శ్రీశ్రీ. శ్రీరంగం శ్రీనివాసరావులోని రెండు తొలి అక్షరాలవి. ప్రతివాడి పేరుకూ ముందు మర్యాదకు తగిలించే 'శ్రీ'ని రెండుసార్లు వేస్తే వెనక పేరే అక్కరలేకపోయింది!

ఇదంతా చెప్పినా మా విద్యార్థులు బొమ్మనే అడుగుతారు, అడగడం న్యాయమే. తెలుగులో బొమ్మ ఎట్లా కట్టాలి? డ్యూరర్‌ను దించుకుంటే కుదరదు. రోమన్ 'ఏ' కింద 'డి' పెడితే అవి రెండు అక్షరాలుగానే వుంటాయి. తెలుగులో 'క' కింద 'ర'ను పెడితే అది వత్తయి 'క్ర' అవుతుంది, ఇద్దరి పేర్లూ పోయి మూడో ధ్వని పుడుతుంది. మన లిపి తానే మోనోగ్రాం కట్టే లిపి. 'శ్రీ' అన్న అక్షరం చూడండి, శకారమూ రేఫమూ ఈకారమూ ఒక ఇంట్లో కాపురం చేస్తున్నాయి. కనక కింద కింద పేర్చే దారి వదిలి, తలకట్టు దారి పట్టాలి. తలకట్టు అక్షరానికి విడిగా పెట్టే గీత. రెండు అక్షరాలకు ఒకే తలకట్టు గొడుగు పట్టవచ్చు. కొమ్మునూ దీర్ఘాన్నీ సాగదీసి రెండో అక్షరాన్ని వాటి వంపులో కూచోబెట్టవచ్చు. మన అక్షరాలు గుండ్రనివి గనక మూలలున్న ఇల్లు కట్టలేము, గూడు కట్టగలం. రవీంద్రనాథ ఠాకూరు బెంగాలీ 'ర', 'ఠ'లతో చేసుకున్న కొయ్యముద్ర చూస్తే భారతీయ లిపులు ఎంత దూరం వంగగలవో తెలుస్తుంది. బాపు (1933–2014) బొమ్మ మూలన వేసిన రెండక్షరాల సంతకం చూస్తే, ఏమీ వంచకుండా, ఉత్త చేతిరాతే ముద్ర కాగలదని తెలుస్తుంది. ఆయన రాతను అనుకరించిన సైన్‌బోర్డు పెయింటర్లు వూరూరా వున్నారు, వాళ్ళ పేర్లు మాత్రం మనకు తెలియవు.

మా కాలేజీలో గోడపత్రిక వుంది. దానికి బొమ్మలు వేసే రెండో సంవత్సరం అమ్మాయి ఒకామె తన ముద్ర నాకు చూపించింది. మొదటిసారి తెచ్చింది రెండు ఇంగ్లీషు అక్షరాలు, వలయంతో సహా. మొదటి అక్షరం ఎవరిదని అడిగాను. నాన్నగారి ఇంటిపేరుదంది. పెళ్ళయితే అది మారుతుందేమో అంది, తనే. ఆ మాట నేనన్నది కాదు. వారం తర్వాత తెచ్చిన దాంట్లో ఇంటిపేరు లేదు. తన పేరులోని తొలి అక్షరం ఒక్కటే, 'సు', తెలుగులో. దాని కొమ్మును కుడివైపుకు సాగదీసి, పత్రిక కింద అంచు పొడుగునా గీతగా నడిపింది. ఆ గీత మీదే ఆ నెల బొమ్మలన్నీ నిలబడి వున్నాయి. దస్తూరీ రాసిన ఇద్దరు పిల్లల పేర్లు ఎక్కడ వేయమంటారు సార్, వెనకాల అట్ట మీద వేయనా అని అడిగింది. ముందువైపు, ఆ గీత మీదే వేయమన్నాను.